డెమోసీన్: కోడ్ గీసే బొమ్మలు, హాలు ఇచ్చే తీర్పు

డెమో అంటే కంప్యూటర్‌లో నడిచే చిన్న ప్రదర్శన. కొన్ని నిమిషాల పాటు తెర మీద బొమ్మలు కదులుతాయి, వాటికి తోడుగా సంగీతం వినిపిస్తుంది. చూసేవాళ్లకి అచ్చం వీడియోలాగే ఉంటుంది. అయితే వీడియోలో ప్రతి బొమ్మా ముందే తయారై ఫైల్లో కూర్చుని ఉంటుంది. డెమోలో అలా ఉండదు. ప్రోగ్రామ్ నడుస్తుండగా కంప్యూటర్ సెకనుకి పదుల సార్లు లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం తెరను అప్పటికప్పుడు గీస్తుంది. ఆటల్లోలాగా మీటలు నొక్కే పని కూడా లేదు, కూర్చుని చూడటమే. ఇలాంటివి తయారుచేసేవాళ్లూ, చూసి మంచిచెడులు చెప్పేవాళ్లూ కలిసిన లోకానికి డెమోసీన్ అని పేరు. ముఖ్యంగా ఐరోపా దేశాల్లో నలభై ఏళ్లుగా సాగుతున్న కళ ఇది. ఇందులో దాదాపు ఎవరికీ జీతం ఉండదు. పగలు ఉద్యోగమో చదువో చూసుకుని, రాత్రిళ్లు కూర్చుని నెలల తరబడి చేసిన పనిని, అదే పని తెలిసిన కొన్ని వందల మంది ముందు పెడతారు. వాళ్లు ఏమంటారన్నదే అసలు బహుమతి.

దీని పుట్టుక అంత గొప్పగా చెప్పుకునేది కాదు. 1982లో అమెరికా కంపెనీ కమొడోర్ ‘కమొడోర్ 64’ అనే ఇంటి కంప్యూటర్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఐరోపాలో అది పిల్లల గదుల్లోకి చేరింది. ఆటలు క్యాసెట్ల మీద, ఫ్లాపీల మీద వచ్చేవి. కాపీ చేయడానికి వీల్లేకుండా కంపెనీలు వాటికి తాళం లాంటి కోడ్ పెట్టేవి. ఆ తాళం తీయగలిగిన కుర్రాళ్లు ఆటని నలుగురికీ పంచుతూ, ఆట మొదలవక ముందు తమ పేరు కనిపించేలా చిన్న తెర ఒకటి జోడించేవాళ్లు. దాన్ని క్రాక్‌ట్రో అనేవాళ్లు. మొదట్లో అది పేరు మాత్రమే. తర్వాత పేరు కదలడం మొదలుపెట్టింది, వెనక రంగుల పట్టీలు వచ్చాయి, పాట వచ్చింది. ఎదుటి గుంపు తెర కన్నా తమ తెర బాగుండాలన్న పట్టుదల పెరిగి, కొన్నాళ్లకి ఆట సంగతే వెనకబడింది. 1980ల రెండో సగానికి కొందరు తాళాలు తీయడం మానేసి ఉత్త తెరలే చేసి పంచడం మొదలుపెట్టారు. అదే డెమో.

ఆ యంత్రం చాలా చిన్నది. 64 కిలోబైట్ల మెమరీ, సెకనుకి దాదాపు పది లక్షల స్పందనలతో నడిచే ప్రాసెసర్, 16 రంగులు, ఒకేసారి మూడు స్వరాలు పలికే సౌండ్ చిప్. తెర మీద స్వేచ్ఛగా కదిలే ‘స్ప్రైట్’ అనే చిన్న బొమ్మలు ఎనిమిది. ఇంతలోనే ఏదో ఒక కొత్తదనం చూపించాలి. అందుకోసం కోడర్లు యంత్రాన్ని ఎంత లోతుగా చదివారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు.

కమొడోర్ 64 బొమ్మ చుట్టూ ఒకే రంగులో ఒక అంచు ఉంటుంది. ఆ అంచులో ఏదీ కనిపించకూడదన్నది యంత్రం రూపకర్తల ఉద్దేశం. తెరను గీసే చిప్ పై నుంచి కిందికి ఒక్కొక్క గీతే గీసుకుంటూ వస్తుంది. బొమ్మలో 24 అక్షరాల వరసలు ఉండాలా, 25 ఉండాలా అని ఒక స్విచ్‌లాంటి బిట్ చెబుతుంది. 24 అయితే ఒక గీత దగ్గర, 25 అయితే దానికి కాస్త కింద ఇంకో గీత దగ్గర చిప్ ఆగి చూసుకుని అంచు మొదలుపెడుతుంది. కోడర్లు చేసిందల్లా ఇంతే: మొదటి గీత దాటే దాకా స్విచ్‌ని 25 మీద ఉంచారు, దాటగానే 24కి మార్చారు. 24కి సంబంధించిన గీత వెనకే ఉండిపోయింది. 25కి సంబంధించిన గీతని చిప్ ఇక పట్టించుకోదు. అంచు మొదలుపెట్టాల్సిన చోటు దానికి తగలనే తగలదు. దాంతో పైన, కింద అంచులు తెరుచుకుని, స్ప్రైట్లు అక్కడ కూడా తిరుగుతాయి. పక్క అంచులు తెరవడం ఇంకా కష్టం. ఒక్కో గీతకి ప్రాసెసర్‌కి దొరికే సమయం 63 స్పందనలు. ప్రతి గీతలోనూ సరిగ్గా ఒకే స్పందన దగ్గర పక్క అంచుల స్విచ్ తిప్పాలి. ఒక్కటి అటూ ఇటూ అయినా అంచు మూసుకుపోతుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో లేని ఈ విద్యని పిల్లలు ఒకరి కోడ్ చూసి ఒకరు నేర్చుకున్నారు.

అభిప్రాయాలు ఇచ్చిపుచ్చుకోవడం కూడా అప్పుడే మొదలైంది. తెర కింద కుడి నుంచి ఎడమకి జరిగే అక్షరాల పట్టీలో ప్రతి గుంపూ మిత్రులకి నమస్కారాలు చెప్పేది, ఎదుటివాళ్ల డెమోలో నచ్చింది మెచ్చుకునేది, నచ్చనిది దెప్పేది. ఫ్లాపీలు పోస్టులో దేశాలు దాటేవి. ఒక డెమోలో వేసిన ప్రశ్నకి జవాబు కొన్ని వారాల తర్వాత ఇంకో దేశం నుంచి ఇంకో డెమోలో వచ్చేది. తర్వాత డిస్క్‌మ్యాగులు వచ్చాయి. అవి ఫ్లాపీ మీద పంచే పత్రికలు. చదువరుల ఓట్లతో మేటి కోడర్లు, మేటి సంగీతకారుల పట్టికలు అందులో వేసేవాళ్లు. ఆ పట్టికలో పేరు చూసుకోవడం పదిహేనేళ్ల కుర్రాడికి ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు.

1985లో అమీగా, అటారీ ఎస్‌టీ యంత్రాలు వచ్చాయి. 1987లో చవక రకం అమీగా 500 రావడంతో డెమోల స్థాయే మారిపోయింది. 4096 రంగుల్లోంచి ఎంచుకోవచ్చు. బొమ్మల ముక్కల్ని వేగంగా జరిపే ప్రత్యేకమైన చిప్ ఉంది. నిజమైన వాయిద్యాల ధ్వనిని నాలుగు చానళ్లలో వినిపించగలదు. అదే ఏడాది కార్స్టెన్ ఒబార్స్కీ ‘అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్’ అనే ప్రోగ్రామ్ రాశాడు. అందులో స్వరాలు నాలుగు నిలువు వరసల్లో కింది నుంచి పైకి జరుగుతుంటాయి. ఏ ధ్వని, ఏ స్వరం, ఏ మార్పు అన్నది అంకెలతో రాస్తారు. సంగీతం చదువుకోని పిల్లలు కూడా దానితో పాటలు కట్టారు. ట్రాకర్ అన్న మాట, ఆ పద్ధతి ఇప్పటికీ బతికే ఉన్నాయి.

1992 డిసెంబరులో డెన్మార్క్‌లో జరిగిన, డెమోల పోటీలు పెట్టే ‘ది పార్టీ’ అనే మేళాలో నార్వే గుంపు స్పేస్‌బాల్స్ ‘స్టేట్ ఆఫ్ ది ఆర్ట్’ అనే అమీగా డెమో చూపించి మొదటి స్థానం గెలుచుకుంది. నాట్యం చేస్తున్న అమ్మాయి నీడరూపం, చుట్టూ మారిపోయే రంగులు, గట్టి దరువు. మొత్తం 880 కిలోబైట్ల ఒక్క ఫ్లాపీలో ఉంది. మనిషి కదలికల్ని వీడియో నుంచి తీసి, అంచుల్ని గీతలుగా మార్చి దాచారు. దీని మీద పెద్ద వాదమే నడిచింది. ముందే దాచిన కదలికని ఆడించడం డెమో ఎలా అవుతుందని కోడర్లలో ఒక వర్గం అడిగింది. హాలు మొత్తాన్ని కట్టిపడేసింది కదా, ఇంకేం కావాలని రెండో వర్గం అడిగింది. ఆ వాదం పూర్తిగా తెగలేదు. కానీ ఫలితం కనిపించింది. అప్పటిదాకా డెమో అంటే ఒక చమత్కారం, తర్వాత మరో చమత్కారం, వాటిని వరసగా పేర్చడమే. ఆ తర్వాత దరువుకీ బొమ్మకీ పొత్తు, మొదలు నుంచి చివరి దాకా ఒకే రూపం, ఒకే ఊపు ఉండాలన్న పట్టింపు పెరిగింది. విమర్శ వల్ల ఒక కళ రూపం మార్చుకోవడం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు తక్కువ.

ఆ తర్వాత పీసీల వంతు. ఫిన్లాండ్‌లో 1992లో మొదలైన ‘అసెంబ్లీ’ మేళా మరుసటి ఏడాది కెరవా పట్టణంలో జరిగింది. ఫ్యూచర్ క్రూ అనే ఫిన్లాండ్ గుంపు అక్కడ చూపించిన ‘సెకండ్ రియాలిటీ’ పీసీ డెమోల పోటీ గెలిచింది. ఆఫీసు లెక్కల కోసం తయారైన యంత్రంగా పేరుపడ్డ పీసీ మీద అంత వేగంగా త్రీడీ బొమ్మలు కదలడం, పర్పుల్ మోషన్, స్కావెన్ కట్టిన సంగీతం వాటిని తోసుకుంటూ పోవడం అప్పటివాళ్లు మరిచిపోలేదు. పోటీలో ఆడిన ప్రతిని సరిదిద్ది, తుది ప్రతిని అక్టోబరులో వదిలారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో, కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేశారు.

డెమో తయారీలో సాధారణంగా ముగ్గురి పని ఉంటుంది: కోడర్, బొమ్మలు చేసేవాళ్లు, సంగీతం కట్టేవాళ్లు. ఒక్కరే మూడూ చేసిన సందర్భాలూ ఉన్నాయి. అసలు పేర్లు కాకుండా మారుపేర్లు పెట్టుకోవడం తాళాలు తీసిన రోజుల నుంచి మిగిలిన ఆచారం. పని ఎక్కడి నుంచి మొదలవ్వాలన్న నియమం లేదు. కొందరికి పాట ముందు దొరుకుతుంది, కొందరికి ఒక ‘ఎఫెక్ట్’ దొరుకుతుంది. ఎఫెక్ట్ అంటే ఒక సూత్రం నుంచి పుట్టే దృశ్యం.

పాత పీసీ డెమోల్లోని నిప్పు ఇందుకు మంచి ఉదాహరణ. తెర అడుగు వరసలోని చుక్కలకి ఇష్టమొచ్చిన వెలుగు విలువలు ఇస్తారు, ప్రతిసారీ మారుస్తారు. పైన ఉన్న ప్రతి చుక్కా తన కింద ఉన్న మూడు నాలుగు చుక్కల సగటు తీసుకుని, దాన్నుంచి కొద్దిగా తగ్గించుకుంటుంది. అంతే. తక్కువ విలువకి నలుపు, కాస్త ఎక్కువకి ఎరుపు, ఆపైన పసుపు, అన్నిటికన్నా ఎక్కువకి తెలుపు రంగు కేటాయిస్తారు. ప్రోగ్రామ్‌ని నడిపితే తెర అడుగు నుంచి మంటలు లేస్తాయి, నాలుకలు చాస్తాయి, పైకి పోయి ఆరిపోతాయి. కోడ్‌లో ఎక్కడా మంట అన్నది లేదు. కూడిక, భాగహారం, తీసివేత మాత్రమే ఉన్నాయి. ఇది మొదటిసారి సొంతంగా రాసి నడిపిన వాళ్లకి కలిగే ఆనందమే చాలామందిని ఈ కళలోకి లాగింది.

ఎఫెక్ట్ దొరికాక అసలు కష్టం మొదలవుతుంది. ఏది ముందు, ఏది వెనక, ఎంతసేపు, ఏ దరువు మీద కెమెరా తిరగాలి అన్నవి పదే పదే చూసి సరిచేసుకోవాలి. దీన్ని ‘సింక్’ అంటారు. పాటలో డ్రమ్ పడిన క్షణానికీ తెర మీద మెరుపుకీ మధ్య చిన్న ఎడం వచ్చినా అలవాటైన కంటికి ఇట్టే తెలిసిపోతుంది. బాగా చేసే గుంపులు ఇందుకోసం తమ సొంత పనిముట్లు తామే రాసుకుంటాయి. పాటని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే బొమ్మ కూడా దానితో పాటే జరిగేలా, విలువలు అక్కడికక్కడే మార్చుకునేలా ఆ పనిముట్లు ఉంటాయి.

యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ ఇరుకు తగ్గింది. అప్పుడు ఇరుకుని వాళ్లే కోరి తెచ్చుకున్నారు. ప్రోగ్రామ్ మొత్తం, బొమ్మలూ సంగీతంతో కలిపి, 64 కిలోబైట్లు దాటకూడదు. ఇంకో విభాగంలో 4 కిలోబైట్లు, అంటే 4096 బైట్లు. మరో దానిలో 256 బైట్లు. ఈ అంకెలు ఎంత చిన్నవో తెలుగు చదివేవాళ్లకి తేలిగ్గా తెలుస్తుంది. నేటి కంప్యూటర్లు తెలుగుని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. ఆ లెక్కన 4096 బైట్లలో ఈ వ్యాసంలోని తొలి రెండు పేరాలకి మించి పట్టవు. 256 బైట్లలో ఒక మోస్తరు వాక్యం పడుతుంది.

2000 డిసెంబరులో జర్మనీ గుంపు ఫార్బ్‌రౌష్ ‘ది ప్రోడక్ట్’ అనే 64 కిలోబైట్ల డెమో చూపించింది. అది దాదాపు పదకొండు నిమిషాలు నడుస్తుంది. లోపల గోడలు, గదులు, రకరకాల ఉపరితలాలు, పూర్తి నిడివి సంగీతం. బొమ్మల్ని బొమ్మలుగా దాచి ఉంటే ఆ చోటు ఏ మూలకీ చాలదు. వాళ్లు దాచింది తయారీ విధానాన్ని. ఇటుక గోడ కావాలంటే గోడ ఫొటో పెట్టలేదు. గళ్లు గీయి, అంచులు మసకబెట్టు, మచ్చలు చల్లు, ఈ రంగు కలుపు అన్న ఆదేశాల వరస పెట్టారు. ప్రోగ్రామ్ మొదలవగానే కంప్యూటర్ ఆ ఆదేశాలు పాటించి గోడని మెమరీలో తయారుచేసుకుంటుంది. వాయిద్యాలకీ అదే దారి. ధ్వని రికార్డు ఉండదు, ధ్వనిని పుట్టించే చిన్న సింథసైజర్ ఉంటుంది. 2004లో అదే గుంపు ‘.క్రీగర్’ పేరుతో 96 కిలోబైట్లలో ఒక త్రీడీ షూటింగ్ ఆటనే కట్టి చూపించింది.

4 కిలోబైట్ల విభాగంలో 2009 నాటి ‘ఎలివేటెడ్’ని మించి చెప్పుకునేది అరుదు. ఆర్‌జీబీఏ, టీబీసీ గుంపులు కలిసి చేసిన ఈ డెమో జర్మనీలోని బ్రేక్‌పాయింట్ మేళాలో గెలిచింది. మంచు కొండలు, లోయలు, నీళ్లు, వాటి మీదుగా ఎగిరే కెమెరా. కొండ ఎలా వస్తుందంటే, ముందు ఒక సూత్రం నేల మీద పెద్ద పెద్ద ఎత్తుపల్లాల్ని క్రమం తెలియకుండా పరుస్తుంది. వాటి మీద సగం వెడల్పు, సగం ఎత్తున్న ఇంకో పొర. దాని మీద మళ్లీ సగం. ఇలా పొర మీద పొర వేస్తూ పోతే పెద్ద పొరలు కొండలవుతాయి, చిన్న పొరలు బండలూ రాళ్లూ అవుతాయి. ఎక్కువ వాలు ఉన్నచోట మంచు నిలవదు, చదునుగా ఉన్నచోట నిలుస్తుంది అన్న ఒక్క షరతుతో రంగు కూడా వచ్చేస్తుంది. కోడ్ రాయడం అయ్యాక దాన్ని కుదించే ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. 4 కిలోబైట్ల పనులకి 2005లో వచ్చిన క్రింక్లర్ పేరుపడింది. ఒక ఆదేశం ఇక్కడ రాస్తే బాగా కుదించుకుపోతుందా, నాలుగు వరసల కింద రాస్తేనా అని ఆఖరి రోజుల్లో కోడర్లు బైటు బైటుకీ వెతుక్కుంటారు.

చూసేవాళ్ల వంతు ఇక్కడ వస్తుంది. తెలుగువాళ్లకి అవధానం అలవాటే. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం తర్వాత అక్షరాన్ని అడ్డుకుంటుంటే అవధాని దారి వెతుక్కుంటూ పద్యం పూర్తిచేస్తాడు. ఆ ఇరుకు ఎంతటిదో తెలిసిన సభ కాబట్టే చప్పట్లు అంత గట్టిగా పడతాయి. డెమో పార్టీ, అంటే డెమోల మేళా జరిగే హాలు కూడా అలాంటి సభే. 2011 నుంచి ఏటా ఈస్టర్ సెలవుల్లో, సాధారణంగా జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో జరుగుతున్న ‘రివిజన్’ ఇప్పుడు ఈ మేళాల్లో పేరెన్నికగన్నది. పాత కర్మాగారం లాంటి పెద్ద హాల్లో వరసగా బల్లలు వేసి, జనం తమ కంప్యూటర్లు పెట్టుకుంటారు. పోటీ సమయానికి దీపాలు ఆర్పి, పెద్ద తెర మీద ఒక్కొక్క డెమోనీ ఆడిస్తారు. ఏ యంత్రం మీద ఆడిస్తారో నిర్వాహకులు ముందే ప్రకటిస్తారు. ఎవరి డెమో ఎంత బాగా వాళ్ల ఇంట్లో నడిచినా లెక్కలోకి రాదు, ఈ యంత్రం మీద నడవాలి. మంచి ఘట్టం రాగానే మధ్యలోనే హాలు హోరెత్తుతుంది. ఎక్కడ హోరెత్తిందో, ఎక్కడ చల్లబడిందో చేసినవాళ్లు చీకట్లో కూర్చుని వింటారు. అంత నిక్కచ్చి అభిప్రాయం మాటల్లో దొరకదు.

గెలుపుని తేల్చేది ఓటర్లు. మేళాకి వచ్చిన ప్రతివాళ్లూ ఓటు వేయవచ్చు. మరీ ఎక్కువ డెమోలు వస్తే ముందుగా ఒక బృందం చూసి వడపోస్తుంది. ఈ ఓటింగ్‌లో లోపం లేకపోలేదు. పేరున్న గుంపు ఏం చేసినా చేతులెత్తేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. కొత్తవాళ్ల మంచి పని మూడో నాలుగో స్థానంలో ఆగిపోతుంది. అందుకే మేళాల ఫలితాలతో సంబంధం లేకుండా, ఏడాది పొడవునా వచ్చినవన్నీ చూసి న్యాయనిర్ణేతలు ఇచ్చే బహుమతులు కూడా వచ్చాయి. ఒకప్పటి సీన్.ఆర్గ్ అవార్డులు, ఇప్పటి మీటియోరిక్స్ ఆ కోవలోవి. ఓటూ న్యాయనిర్ణయమూ రెండూ ఉండటమే మేలు. హాలు ఊపుని ఓటు పట్టుకుంటుంది, నాలుగోసారి చూస్తే కానీ తెలియని మంచిని న్యాయనిర్ణేతలు పట్టుకుంటారు.

మేళా ముగిశాక అసలు విమర్శ మొదలవుతుంది. 2000 నుంచి డెమోలన్నిటికీ చిట్టా లాంటి పువెట్ అనే వెబ్‌సైట్‌లో ప్రతి డెమోకీ తోటివాళ్లు తమ మాట రాస్తారు. నచ్చితే పైకెత్తిన బొటనవేలు, నచ్చకపోతే కిందికి దించిన బొటనవేలు, పరవాలేదనిపిస్తే పంది బొమ్మ. మాటలు మొహమాటం లేకుండా ఉంటాయి, ఒక్కోసారి కటువుగానూ ఉంటాయి. కొత్తవాళ్లకి అది గట్టిగానే తగులుతుంది. కానీ పనికొచ్చే విమర్శకి ఒక లక్షణం ఉంటుంది. అది ఫలానా చోటు చూపిస్తుంది. రెండో నిమిషంలో సొరంగం దృశ్యం పాట మారాక కూడా సాగింది అన్న మాటతో పని జరుగుతుంది. బాగోలేదు అన్న మాటతో ఏ పనీ జరగదు.

వచ్చిన మాటలకి జవాబు ఒకే రకంగా ఉండదు. నడవడం లేదు, ఫలానా గ్రాఫిక్స్ కార్డు మీద తెర నల్లగా ఉంటోంది అని ఎవరైనా చెబితే వెంటనే సరిచేస్తారు. చాలా డెమోలు మేళా జరిగే హాల్లోనే, గడువుకి గంటల ముందు పూర్తవుతాయి కాబట్టి తప్పులు మిగలడం మామూలే. అందుకే ‘పార్టీ ప్రతి’, ‘తుది ప్రతి’ అని రెండు వదిలే ఆనవాయితీ ఏర్పడింది. సింక్ తప్పిన చోట్లు, మసకగా ఉన్న అక్షరాలు, మరీ సాగిన ముగింపు తుది ప్రతిలో దిద్దుకుంటారు. రంగులు నచ్చలేదు, ఇంకో రకం పాట ఉంటే బాగుండేది అన్న మాటల్ని విని ఊరుకోవడమే ఎక్కువ. అలా ఊరుకోవడం సబబే. అందరి అభిరుచికీ తగ్గట్టు ఒకే డెమోని మారుస్తూ పోతే దాని ముఖమే పోతుంది. ఆ మాటల్లో నిజం ఉంటే తర్వాతి డెమోలో కనిపిస్తుంది.

విమర్శ వల్ల నియమాలే మారిన సందర్భం బొమ్మల పోటీల్లో ఉంది. 1990ల్లో చుక్క చుక్క పేర్చి గీసే చిత్రాల పోటీల్లో బోరిస్ వలేహో లాంటి ప్రసిద్ధ చిత్రకారుల పనిని మక్కికి మక్కి దింపేసి సొంత పేరు పెట్టుకునే అలవాటు బాగా ఉండేది. కొందరైతే స్కాన్ చేసి పైపైన దిద్దేవాళ్లు. అసలు చిత్రాన్నీ, పోటీలోకి వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లు బయల్దేరాక దాచడం కుదరలేదు. ఇప్పుడు పెద్ద మేళాల్లో చిత్రంతో పాటు అది ఎలా రూపం తీసుకుందో తెలిపే దశలు, అంటే తొలి గీతల నుంచి తుది రూపం దాకా కొన్ని బొమ్మలు, ఇవ్వాల్సిందే. ఆ దశలని కూడా జనానికి చూపిస్తారు.

జవాబు చెప్పే ఇంకో తీరు, ఎలా చేశారో విప్పి చెప్పడం. మేళాల్లో ఇందుకోసం ఉపన్యాసాలు ఉంటాయి. ‘ఎలివేటెడ్’ వెనక ఉన్న ఇనీగో కీలెజ్ 2008లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో, వస్తువుల ఆకారాలు దాచకుండా, తెర మీది ప్రతి చుక్క నుంచి ఒక కిరణాన్ని పంపి, దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో చెప్పే సూత్రం సాయంతో అంత దూరం మాత్రమే అడుగేస్తూ బొమ్మ గీసే పద్ధతిని వివరించాడు. తర్వాత కొన్నేళ్లకి చిన్న డెమోలు చాలా ఆ దారినే పట్టాయి. 2012లో ఫార్బ్‌రౌష్ తన పనిముట్ల కోడ్ అందరికీ ఇచ్చింది. 2020 రివిజన్‌లో ‘మెమరీస్’ పేరుతో 256 బైట్లలో ఎనిమిది దృశ్యాలు, సంగీతం చూపించిన హెల్‌మూడ్, ఒక్కో బైటూ ఏం చేస్తుందో పెద్ద వివరణ రాశాడు. దాచుకుంటే రహస్యం, పంచితే గౌరవం అన్న పద్ధతి ఈ లోకంలో పాతుకుపోయింది.

కొన్ని జవాబులు డెమో రూపంలోనే వస్తాయి. 1997లో స్మాష్ డిజైన్స్ గుంపు పీసీ డెమో ‘సెకండ్ రియాలిటీ’ని కమొడోర్ 64 మీదికి దింపింది. 2015లో ‘8088 ఎంపీహెచ్’ అనే డెమో, 1981 నాటి తొలి ఐబీఎం పీసీ మీద 1024 రంగులు చూపించింది. ఆ యంత్రం రంగుల కార్డుకి అప్పటిదాకా అందరూ ఒప్పుకున్న హద్దు 16. టీవీకి వెళ్లే సంకేతాన్ని తెలివిగా మెలిపెట్టి వాళ్లు ఆ రంగులు రాబట్టారు. ఆ డెమో వచ్చిన రోజున పాత పీసీని అనుకరించే ఎమ్యులేటర్ ఒక్కటీ దాన్ని సరిగ్గా నడపలేకపోయింది. ఎమ్యులేటర్లు రాసేవాళ్లు తమ లెక్కల్లో తేడా ఎక్కడుందో దాని సాయంతో వెతికి దిద్దుకున్నారు. ఒక కళాకృతి ఇలా పనిముట్లకే పరీక్ష పెట్టడం డెమోల్లోనే చూస్తాం.

ఈ చదువు ఉద్యోగాల్లోకీ పారింది. అమీగా గుంపు ది సైలెంట్స్ సభ్యులు 1992లో స్వీడన్‌లో డైస్ అనే ఆటల కంపెనీ పెట్టారు. ఫ్యూచర్ క్రూ సభ్యులు 1995లో పెట్టిన రెమెడీ నుంచి ‘మ్యాక్స్ పేన్’ ఆట వచ్చింది. కీలెజ్ యానిమేషన్ సినిమాల సంస్థ పిక్సార్‌లో పనిచేశాడు. ప్రభుత్వాల గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. యునెస్కో ఒప్పందం కింద ప్రతి దేశమూ తయారుచేసుకునే సజీవ సంప్రదాయాల జాబితాలో డెమోసీన్‌ని ఫిన్లాండ్ 2020లో, జర్మనీ, పోలండ్ 2021లో, నెదర్లాండ్స్ 2023లో చేర్చాయి. కంప్యూటర్‌లో పుట్టిన కళకి అలాంటి జాబితాలో చోటు దక్కడం ఫిన్లాండ్‌తోనే మొదలు.

భారతదేశంలో ఈ కళ వేళ్లూనలేదు. ఐరోపాలో అది మొదలైన రోజుల్లో ఇక్కడ పిల్లల చేతిలో సొంత కంప్యూటర్ ఉండటం బహు అరుదు. యంత్రంతో రాత్రంతా ఒంటరిగా గడిపే అవకాశం లేకుండా అంచు తెరిచే విద్య పుట్టదు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. 2013లో కీలెజ్, పోల్ జెరెమియాస్ కలిసి మొదలుపెట్టిన షేడర్‌టాయ్ అనే వెబ్‌సైట్‌లో బ్రౌజర్ తెరిచి, సూత్రం రాసి, ఫలితాన్ని పక్కనే చూడవచ్చు. టిక్-80 అనే ఊహాయంత్రం 240 చుక్కల వెడల్పు, 136 చుక్కల ఎత్తు, 16 రంగులతో మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. వరంగల్‌లోనో కాకినాడలోనో ఇంజినీరింగ్ చదివే విద్యార్థికి ఇంటర్‌లో నేర్చిన సైన్ చాలు. చుక్క అడ్డం దూరానికి ఒక సైన్, నిలువు దూరానికి ఒక సైన్ తీసుకుని, రెండిటికీ గడిచిన కాలాన్ని జోడించి, మొత్తాన్ని రంగు సంఖ్యగా వాడితే, ‘ప్లాస్మా’ అనే పాత ఎఫెక్ట్ నాలుగైదు వరసల్లో తెర మీద కదులుతుంది.

పోటీకి పంపడానికి జర్మనీ వెళ్లక్కర్లేదు. 2020లో కోవిడ్ వల్ల రివిజన్ పూర్తిగా ఇంటర్నెట్ మీదే జరిగింది. మరుసటి ఏడాది మొదలైన లవ్‌బైట్ మేళా ఇంటర్నెట్ మీదే నడుస్తుంది, చిన్న చిన్న డెమోల కోసమే ఏర్పడింది. అందులో 256 బైట్ల విభాగం నుంచి 16 బైట్ల విభాగం దాకా ఉన్నాయి. పంపేటప్పుడు ప్రోగ్రామ్‌తో పాటు ఒక చిన్న పాఠ్య ఫైలు జతచేయడం ఆచారం. ఏ యంత్రం మీద నడుస్తుంది, ఎవరు ఏ పని చేశారు, ఎవరికి నమస్కారాలు అన్నవి అందులో రాస్తారు. కొత్త పేరు కనబడితే పాతవాళ్లలో కొందరైనా కోడ్ విప్పి చూసి, ఎక్కడ రెండు బైట్లు మిగుల్చుకోవచ్చో రాసి పంపుతారు.